తెర మీద లావెక్కిన పెద్దాయన

కంప్యూటర్ ఆన్ చేయడం వస్తే చాలు, ఇంజనీరు కింద జమకట్టేసే రోజులవి. డిగ్రీ పూర్తిచేసి, హైదరాబాదు పోవాలో బీఎడ్ చదవాలో తేలక, వనపర్తి వీధుల్లో కాలు నిలవక తిరుగుతున్న నన్ను మా మేనమామ తన కేబుల్ టీవీ ఆఫీసులో కూర్చోబెట్టాడు. (ఊరంతా ఆయన్ని డిష్ మామ అనేది, అల్లుళ్ళు కానివాళ్ళు కూడా.) అక్కడొక పాత ల్యాప్‌టాప్ ఉండేది. లోకల్ ఛానెల్‌లో వచ్చే పాటలు, చీరల దుకాణం ప్రకటనలు, తప్పిపోయిన బర్రెల కబుర్లు అన్నీ దాంట్లోంచే ఊరి టీవీల్లోకి వెళ్ళేవి.

అది నెమ్మదిగా నడుస్తోందని ఒక పొద్దున నేనే ఫార్మాట్ కొట్టి సాఫ్ట్‌వేరంతా మళ్ళీ ఎక్కించాను. ఎవరూ కొట్టమనలేదు, చేతులు ఊరుకోలేదంతే. తీరా తెర వెలిగాక చూస్తే అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి, రంగులు వెలిసిపోయాయి, మనుషులంతా అడ్డంగా సాగిపోయారు. పాటలో నాజూగ్గా ఊగాల్సిన నాయిక నడుము టీవీ ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చింది.

"గిదేంది ర అల్లుడా, అందరు గిట్ల ఉబ్బిన్రు?" అన్నాడు మామ.

"డిస్‌ప్లే డ్రైవర్ పోయింది మామా. మళ్ల ఎక్కియ్యాలె."

"మన జీపు డ్రైవర్ ఇంటికాడనే ఉన్నడు, పిల్సుకరాపో."

ఈ డ్రైవర్ తెర మీద బొమ్మను సరిగ్గా నడిపే ప్రోగ్రామనీ, దానికి లైసెన్సు ఉండదనీ, సీడీలో ఉంటుందనీ వివరించి, ఆ సీడీ ఏదని అడిగాను. మెరుస్తోందని మామ దాన్ని ఎప్పుడో స్కూటర్ వెనక బిగించుకున్నాడు. ఎండకూ దుమ్ముకూ గీతలు పడి, అది మన ముఖం కూడా సరిగ్గా చూపించే స్థితిలో లేదు. నేను సెట్టింగులన్నీ కెలికాను. ఒకటి నొక్కితే ఊరి టీవీలన్నీ నల్లబడ్డాయి, ఇంకొకటి నొక్కితే మనుషులు మళ్ళీ ఉబ్బారు. ఫోను మోగుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే కొల్లాపూర్ వైపు నుంచి ఒకాయన చెమటలు కారుతూ వచ్చాడు. చేతిలో ఫోటో. "అన్నా, మా నాయిన మార్కెట్ల నా చెయ్యిడిసి ఏడికో పోయిండు. మతిమరుపు మనిషి. జర టీవీల ఎయ్యున్రి."

ఫోటోలో పెద్దాయన బక్కపలచగా, దవడలు పీక్కుపోయి ఉన్నాడు. పక్క స్టూడియోలో స్కాన్ చేయించి ఛానెల్‌లో వేశాం. టీవీలో మాత్రం బూరెల్లాంటి బుగ్గలతో కనిపించాడు.

"గీయన మా నాయిన గాదు!" అన్నాడు కొడుకు.

"మీ నాయిననే. జర సాగిండు," అన్నాడు మామ.

'ఈయన నిజానికి బక్కగా ఉంటారు' అని కింద రాద్దామనుకున్నాను. ఆ అక్షరాల సైజుకు 'ఈయన నిజానికి' వరకే పట్టింది. బస్టాండు దగ్గర చూశామని ఎవరో ఫోన్ చేస్తే ఉరికాం. అక్కడున్న లావాటాయన మిఠాయి కొట్టు యజమాని. మమ్మల్ని తిట్టి పంపాడు. ఫోను మోగినప్పుడల్లా ఆ కొడుకు స్టూలు మీంచి లేస్తున్నాడు, మళ్ళీ కూలబడుతున్నాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు. పెద్దాయన ఏ బస్సో ఎక్కేస్తే?

డ్రైవర్‌ను దింపుకుందామని ఇంటర్నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. డ్రైవర్ దిగుతోంది, ఆగుతోంది, కరెంటు పోతోంది, మళ్ళీ మొదటికొస్తోంది. కూర్చోలేను, నిలబడలేను. చివరికి సీడీలోకి ఎక్కించుకుని రొప్పుతూ వచ్చేసరికి, ఆఫీసు గడపలో ఒక బక్క పెద్దాయన నిలబడి మామను అడుగుతున్నాడు.

"టీవీల మా అన్న వొచ్చిండు. ఏడున్నడు? జర పిలువున్రి."

"నాయినా!" అంటూ కొడుకు వచ్చి పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు. పెద్దాయన అతణ్ణి పక్కకు నెట్టి, "నువ్వుండు ర. మీ పెదనాయిన ఈడనే ఉన్నడు. చాయ్ హోటల్ల జూసిన," అన్నాడు. బొమ్మ ఎక్కణ్ణుంచి వస్తుందో కనుక్కుంటూ నడిచొచ్చాడట. కొడుకు మా చెవిలో, "మా పెదనాయిన పోయి శానేండ్లయింది. గట్లనే లావుగ ఉంటుండె," అన్నాడు.

"ఎక్కియ్యాల్నా మామా?" అన్నాను, సీడీ చూపిస్తూ.

"జరాగు," అన్నాడు మామ. ల్యాప్‌టాప్‌ను పెద్దాయన వైపు తిప్పి స్టూలు జరిపాడు.

పెద్దాయన చాలాసేపు చూశాడు. తెరకు దగ్గరగా వంగి, "అన్నా, బువ్వ తిన్నవా?" అని అడిగాడు. జవాబు అందినట్టే తలాడించి లేచాడు. "మంచిగున్నడు. పోదాం పా."

వాళ్ళు వీధి మలుపు తిరిగాకే డ్రైవర్ ఎక్కించాను. తెరంతా కుదురుకుంది. సాయంత్రానికి మళ్ళీ ఫోన్లు. "ఏమైంది డిష్ మామా, అందరి మొకాలు పీక్కపోయినయ్?"

ఇప్పటి కంప్యూటర్లు తమ డ్రైవర్లను తామే వెతుక్కుంటున్నాయి. నాలాంటి వాడికి కెలకడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఎవరూ అడగకుండానే ఫార్మాట్ కొట్టిన ఆ కుర్రాడు ఎదురుపడితే చెవి మెలిపెట్టి, "నీకెందుకు ర?" అని అడగాలనుకుంటాను. కానీ సీడీని చొక్కా కింద దాచుకుని, ఒక ముసలాయన చూపు తెర మీంచి మరలే దాకా గోడకు ఆనుకుని నిలబడ్డ వాడి ముఖం గుర్తొస్తుంది. చెవి దాకా వెళ్ళిన చెయ్యి భుజం మీదికి జారుతుంది.