లిఫ్టు దగ్గర తిరుపతి

తెల్లాపూర్‌లో, తమ అపార్టుమెంటు కిందనున్న జిమ్‌లో షుగర్ తగ్గించుకోవాలని చేరిన వారానికే కామేశ్వరరావుగారు వ్యాయామ సన్యాసం స్వీకరించారు. ఆ సంగతి భార్య ఉమాశ్రీకి తెలియదు. జిమ్ ట్రైనర్ తిరుపతి మాత్రం రోజూ సాయంత్రం లిఫ్టు దగ్గరే నిలబడేవాడు. అతని కంటపడే ధైర్యంలేక, ఆఫీసు నుంచి వచ్చిన ఈయన మెట్లమీదుగా ఏడో అంతస్తు చేరేవారు.

ఏడాది తిరిగేసరికి షుగర్ తగ్గింది.

"ఏమండీ, ఆ అబ్బాయికి థాంక్స్ చెప్పాలండీ!" అంటూ ఉమాశ్రీ లాక్కెళ్ళింది. గుట్టు రట్టవుతుందని ఆయన ఆవిడ వెనకే నక్కారు.

"రోజూ ఏడంతస్తులు ఎక్కిస్తున్న, మేడమ్," అన్నాడు తిరుపతి గంభీరంగా. "గందుకే లిఫ్టు కాడ నిలబడ్త."

కామేశ్వరరావుగారికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో లిఫ్టు బటన్ నొక్కబోతే తిరుపతి వినయంగా అడ్డొచ్చాడు.

"మెట్లు గటు, సార్."