గాలి విత్తిన మెర్విన్

మెర్విన్ పెంగెలీకి ఏమీ తెలియదు. ఈ సంగతి వార్రాడిన్ చుట్టుపక్కల గోధుమ పండించే ప్రతి ఇంటికీ తెలుసు. ఎందుకంటే ఆయనే చెప్పుకుంటాడు, అదీ రేడియోలో. అక్కడ ట్రాక్టరుకొక రేడియో ఉంటుంది. ఒకరు మీట నొక్కి మాట్లాడితే చుట్టూ ఉన్న పొలాలన్నిటికీ వినిపిస్తుంది. మిగతావాళ్ళు దాన్ని అవసరానికి వాడుకుంటారు. మెర్విన్ తన తెలివితక్కువతనాన్ని దండోరా వేయించుకోవడానికి వాడతాడు.

మనిషికి డెబ్బై దాటాయి. తాత నాటి నుంచీ గోధుమే పండించిన కుటుంబం. అయినా ఆన్‌జాక్ సెలవు దాటి ఏప్రిల్ చివర్లో విత్తడం మొదలైందంటే చాలు, రేడియో గరగరమంటుంది.

"ఎవరైనా ఉన్నారా? చిన్న సందేహం. గోధుమ గింజ నిలబడి పడాలా, పడుకుని పడాలా?"

"కూర్చుని పడాలి మెర్విన్," అంటాడు డార్సీ. రోడ్డుకు ఉత్తరాన పొలం ఆయనది. ఆయన పొలం పెద్దది, నోరు ఇంకా పెద్దది. "నువ్వు దిగి ఒక్కొక్కదాన్నీ కూర్చోబెట్టి రా. వచ్చే ఏడుకి పూర్తవుతుంది."

"వాడి మాటలకేం గానీ, ఎలా పడినా మొలుస్తుంది మెర్విన్," అంటుంది బెవర్లీ. ఇద్దరు కొడుకుల ట్రాక్టర్లకూ విత్తనాల లారీ తోలే పెద్దావిడ. "లోతు చూసుకో. బొటనవేలు మొదటి కణుపు దాకా దిగాలి. అంతకు మించితే పైకి రాలేక చస్తుంది."

"బొటనవేలంటే చేతిదా, కాలిదా?"

ఆ తర్వాత కాసేపు రేడియోలో నవ్వులు తప్ప ఇంకేమీ వినపడవు.

రేడియోలో ఒక్కటేనా! ఫుట్‌బాల్ ఆటకు వెళ్తే, సగం ఆట అయ్యాక మనవాళ్ళు ఎటు తన్నాలని అడుగుతాడు. ఊళ్ళో మంగలి కుర్చీలో కూర్చుని, జుట్టు ముందు తడపాలా, ముందు కత్తిరించాలా అని అడుగుతాడు. తన పెళ్ళిలో పాదిరీని ఆపి, "ఇప్పుడు నేను ఔననాలా, కాదనాలా?" అని అడిగాడని చెప్పుకుంటారు. పెళ్ళికూతురు పక్కనుంచి కాలు తొక్కి ఔననిపించిందట.

ఆ ఏడు రేడియోలో ఇవన్నీ వింటూ నోరు విప్పని మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ మెర్విన్ పక్క పొలం రోవెనా డకెట్.

రోవెనా భర్త గ్రెగ్ గొర్రెల్ని లారీకెక్కిస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పెర్త్ ఆసుపత్రిలో కాలు పైకి కట్టుకుని పడుకున్నాడు. ఇరుగుపొరుగు హాల్లో సమావేశమై, తలా ఒక యంత్రం తెచ్చి ఒక్క రోజులో పొలమంతా విత్తేస్తామన్నారు. రోవెనా లేచి నిలబడి, "యంత్రమే కదా, నేను తోలతాను," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక ఆవిడకు గుర్తొచ్చింది, ఆ యంత్రాన్ని తానెన్నడూ తోలలేదని.

ఆ పౌరుషానికి కారణం లేకపోలేదు. గ్రెగ్ వాళ్ళన్న ట్రెవర్ ఆ పొలం మీద ఎప్పటినుంచో కన్నేశాడు. "ఈ ఏడు మీ చేతులతో విత్తలేకపోతే నాకు కౌలుకిచ్చేయండి. ఆడమనిషి తోలే యంత్రం కాదది," అన్నాడు. మంచం మీద నీరసంగా పడివున్న గ్రెగ్ సరేనని తల ఊపాడు. ఇప్పుడు ఇరుగుపొరుగు వచ్చి విత్తితే ట్రెవర్ మాటే నెగ్గుతుంది. కాబట్టి రోవెనా ఎవర్నీ సాయం అడగదు. ఎవర్నీ ఏమీ అడగదు.

భర్తను మాత్రం ఫోన్లో అడిగింది.

"గింజ సరిగ్గా పడుతోందో లేదో ఎలా తెలుస్తుంది గ్రెగ్?"

"చప్పుడు వింటే తెలుస్తుంది."

"ఎలాంటి చప్పుడు?"

"తేడా ఉంటే తేడాగా వస్తుంది."

"తేడా లేకపోతే?"

"మామూలుగా వస్తుంది."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన ఆవిడకు చేసిన వ్యవసాయబోధ అంతే. ఆ గొర్రు ఆయన మొదటి భార్య అని ఊళ్ళో అనుకునేవారు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అది సామాన్యమైన గొర్రు కాదు. రెక్కలు చాపితే ఒక ఇల్లు దాని కింద పట్టేస్తుంది. వెనక విత్తనాల తొట్టి, ఎరువు తొట్టి, మధ్యలో ఒక ఫ్యాను. ఫ్యాను గాలి గింజల్ని ఊది డజన్ల కొద్దీ గొట్టాల్లోంచి నేలలోకి తోస్తుంది. అక్కడ నేల దున్నరు. నిరుటి పంట మోళ్ళు నిలబడే ఉంటాయి. వాటి మధ్య సన్నగా చీల్చి, గింజ జారవిడిచి, అదిమేసి పోవడమే. వెనక్కి తిరిగి చూస్తే పొలం ముఖంలో ఏ మార్పూ ఉండదు. దున్నే రోజుల్లో పని చేసినవాడికి చేశానన్న తృప్తి అయినా ఉండేదని ముసలివాళ్ళు అంటారు.

మొదటి వారంలో ఒక చివరి గొట్టంలోంచి గింజ పడటం మానేసింది. రోవెనా దిగి చూసింది, తన్నింది, తిట్టింది. ఏం చేయాలో తెలియక ట్రాక్టరు మెట్ల మీద కూర్చుంది. ఇంతలో రేడియో గరగరమంది.

"ఎవరైనా ఉన్నారా? చిన్న సందేహం. నాకు ఒక సాలు ఖాళీగా పోతోంది. గొర్రుకు నా మీద కోపం వచ్చిందంటారా?"

"వస్తే ఎప్పుడో రావాల్సింది," అన్నాడు డార్సీ. "గొట్టం ఊడదీసి చూడవయ్యా! కందిరీగ మట్టి గూడు పెట్టి ఉంటుంది. ప్రతి ఏడూ చెప్పాలా నీకు?"

రోవెనా గొట్టం ఊడదీసింది. మట్టి గూడు టపుక్కున రాలింది. 'పాపం మెర్విన్! ఆయనింత తెలివితక్కువవాడు కాకపోతే నా గతేమయ్యేదో,' అనుకుని జాలిపడింది.

అలాంటివి మరో మూడు నాలుగు జరిగాయి. ఏ చిక్కు వచ్చినా, ఆ పూటో మర్నాడో మెర్విన్‌కి అదే చిక్కు వచ్చేది. డార్సీ తిట్టేవాడు, బెవర్లీ విడమరిచి చెప్పేది, రోవెనా చప్పుడు చేయకుండా బాగుచేసుకునేది. అదృష్టమంటే ఇదేననుకుంది.

మే నెల నడుమకొచ్చేసరికి ఆవిడకు ధైర్యం చిక్కింది. మబ్బులు పడమటి నుంచి రోజూ వచ్చి ముఖం చూపించి పోతున్నాయి. వాన పడేలోగా పొలంలోని పెద్ద చెక్క విత్తడం పూర్తి చేయాలి. ఆ రోజు యంత్రం ఎంత మెత్తగా పోతోందో! గ్రెగ్ కాలంలో కంటే విత్తనం కూడా ఆదా అవుతోంది. పొద్దున తొట్టి నింపితే మధ్యాహ్నానికి కూడా నిండుగానే ఉంది. ఆవిడ పొంగిపోయింది. ఆడమనిషి చేతిలో పొదుపు ఉంటుందని ట్రెవర్‌కి చెప్పాలనుకుంది. నిజానికి తప్పు జరిగితే అరిచే గంట ఒకటి ఉంది. అయినదానికీ కానిదానికీ అరుస్తోందని దాని నోటికి గ్రెగ్ ఏనాడో టేపు అంటించాడు.

"ఎవరైనా ఉన్నారా?" అంది రేడియో.

"లేము," అన్నాడు డార్సీ.

"చిన్న సందేహం. పొద్దున్నుంచీ నేను గాలి విత్తుతున్నానేమోనని అనుమానంగా ఉంది."

డార్సీ తన ఇంజను చప్పుడు తగ్గించాడు.

"ఏం విత్తుతున్నావ్?"

"గాలి. ఫ్యాను తిరుగుతోంది, ట్రాక్టరు పోతోంది. కానీ తొట్టి తరగట్లేదు. గింజ ఆదా అవుతోందని సంబరపడ్డాను. తర్వాత ఆలోచిస్తే..."

ఆ మాటకు లేచిన నవ్వు గంటసేపు ఆగలేదు. డార్సీ ట్రాక్టరు ఆపి కిందకి దిగి మరీ నవ్వాడట. "గాలి పంట ఎప్పుడు కోతకొస్తుంది మెర్విన్? కోసేటప్పుడు పిలువు, సంచులు తెస్తాం!" అన్నాడు. బెవర్లీ కూడా ముందు కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత చెప్పింది: "తొట్టి అడుగున తలుపు ఉంటుంది, మూసి ఉంటే తెరువు. విత్తానని అనుకున్న చోట వేలితో గీకి చూడు. గింజ కనపడని చోటల్లా మళ్ళీ తోలుకో. ఇంకా వాన పడలేదు, కొంప మునగలేదు."

రోవెనాకు నవ్వు రాలేదు. వెనక్కి నడిచి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో సాలు గీకింది. ఎరువు ఉంది. గింజ లేదు. ఇంకోచోట గీకింది. లేదు. తొట్టి అడుగున తలుపు బిగించి ఉంది. పొద్దున తొట్టి ఊడ్చి ఆ తలుపు మూసిన చెయ్యి తనదే. ఇది మొలకల వేళ బయటపడి ఉంటే ట్రెవర్ ఊరంతా తిరిగి చెప్పేవాడు. వచ్చే ఏడు ఈ పొలంలో అతని ట్రాక్టరు ఉండేది. తలుపు తెరిచి, ఆ చెక్క అంతా మళ్ళీ విత్తింది. తోలుతూ తోలుతూ ఏడ్చింది. తన కోసం కొంతా, తనలాగే గాలి విత్తి అందరి నోళ్ళలో పడ్డ ముసలాయన కోసం కొంతా.

ఆదివారం ఆవిడ కేకు చేసుకుని ఆయన్ని ఓదార్చడానికి వెళ్ళింది. కుక్క తోక ఊపుకుంటూ షెడ్డు దాకా తీసుకెళ్ళింది. లోపల మెర్విన్ ట్రాక్టరు ఒక వెనక చక్రం లేకుండా దిమ్మెల మీద కూర్చుని ఉంది. దాని గేరుపెట్టె ముక్కలు ముక్కలుగా గోనెపట్టాల మీద పరిచి ఉంది. గొర్రు మీద సాలీళ్ళు తీరుబడిగా కాపురం పెట్టాయి. ట్రాక్టరులో రేడియో ఒక్కటే గరగరమంటోంది.

"మెర్విన్, ఇది ఎప్పుడు పాడైంది?"

"అదా? మొదలుపెట్టిన రోజే. సామాను రావాలి."

"అంటే మీరు ఈ ఏడు ఒక్క సాలు కూడా విత్తలేదా?"

"సామాను రావాలి కదమ్మా."

"మరి మొన్న గాలి విత్తిందెవరు?"

మెర్విన్ కేకు వైపు చూశాడు. "ఇందులో గుడ్డు వేశావా?" అని అడిగాడు.

"మాట మార్చకండి!"

ఆయన తల గోక్కున్నాడు. "పక్షులమ్మా. నువ్వు విత్తుతుంటే రోజూ గులాబీ రంగు కాకతువ్వలు గింజల కోసం గుంపుగా నీ వెనకాలే దిగేవి. మొన్న ఒక్కటీ లేదు. కంచె దాటి వచ్చి ఒకచోట గీకి చూశాను. వచ్చి చెబుదామంటే, హాల్లో నువ్వు లేచి నిలబడ్డావు గదా, అది గుర్తొచ్చింది."

రోవెనా ముఖం ఎర్రబడింది. కందిరీగ గూడు, మిగతావీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నిసార్లూ ఆయన కంచె అవతల నుంచి చూస్తూనే ఉన్నాడన్నమాట. "అయితే ఊరందరికీ తెలుసన్నమాట, నేనొక మూర్ఖురాలినని!"

"ఎవరు చెప్పారు? ఊళ్ళోకెళ్ళి అడుగు, వార్రాడిన్‌లో మూర్ఖుడెవరని. ఒక్కడైనా నీ పేరు చెబితే నా చెవి కోయించుకుంటా. ఆ ఉద్యోగం నాది. ఎన్నేళ్ళో కష్టపడి సంపాదించుకున్నా."

ఆవిడకు కోపం పోయి నవ్వొచ్చింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"నాకోసమేనా, ఇంకెవరికోసమైనా ఇలా అడిగారా?"

"డార్సీ తండ్రి పోయి పొలం చేతికొచ్చిన ఏడు నేను అడగని ప్రశ్న లేదు. ట్రాక్టరుకు ముందెటు, వెనకెటు అని మాత్రం అడగలేదు. అదంతా తనకోసమేనని వాడికి ఇప్పటికీ తెలీదు. తెలిస్తే నన్ను తిట్టడానికి మొహమాటపడతాడు. పాపం, వాడికున్న సరదా అదొక్కటే. చెప్పకు."

రోవెనా చెప్పనని మాటిచ్చింది. మరో వారంలో తన పొలం విత్తడం ముగించింది. ఆ మర్నాడే వాన పడింది. వట్టి చినుకులు కాదు, రేకుల కప్పు మీద మాట వినపడనంత వాన. గ్రెగ్ చంకకర్రలతో ఇంటికొచ్చేసరికి పొలమంతా పచ్చటి గీతలు. ట్రెవర్ కూడా వచ్చి, ఖాళీ సాలు కోసం చెక్క ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాడు. బూట్ల నిండా బురద తప్ప ఇంకేమీ దొరకలేదు.

"వంకర్లు లేవు," అన్నాడు చివరికి, లేకపోవడం తప్పన్నట్టు.

"కౌలు మాట ఇంకెత్తకు అన్నయ్యా," అన్నాడు గ్రెగ్. "విత్తడం నా పెళ్ళానికే బాగా వచ్చు."

మర్నాడు పొద్దున్నే రోవెనా గొర్రు రెక్కలు ముడిచి మెర్విన్ పొలంలోకి తోలుకెళ్ళింది. ఆయన సామాను ఇంకా రాలేదు. నేలలో తడి ఉండగానే గింజ పడాలి. గేటు దాటి రెక్కలు విప్పాక, ఆ ఏడు మొదటిసారి రేడియో మీట నొక్కింది. గొంతు సవరించుకుంది.

"ఎవరైనా ఉన్నారా? నేను రోవెనాని. ఒక సందేహం. మెర్విన్ ఇంటి ముందు చెక్కలో ఉన్నాను. గొర్రు ఎక్కడ దించొచ్చో, ఎక్కడ దించకూడదో నాకు తెలీదు. ఎవరైనా చెబుతారా?"

"వచ్చింది ఇంకో మెర్విను!" అన్నాడు డార్సీ సంతోషంగా. రోవెనా కూడా నవ్వింది. అడగడం ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో అడిగేదాన్ననుకుంది.

అప్పుడు ఇంకో గొంతు వినపడింది, నిదానంగా.

"వంగిన స్తంభం దగ్గర్నుంచి ఎడమవైపు గొర్రు పైకెత్తమ్మా, కిందంతా బండ. అది దాటాక ఎర్రనేల, అక్కడ లోతు కాస్త తగ్గించు, వాన తర్వాత పైన అట్ట కడుతుంది. పల్లంలో ఉప్పు తేలింది, గింజ దండగ చేయకు. తూర్పు వాలులో తడి ముందు ఆరిపోతుంది. ఆ వాలుతో మొదలుపెట్టు."

ఆ గొంతులో సందేహమన్నదే లేదు.

"ఎవరది?" అన్నాడు డార్సీ.

"నేనే. మెర్విన్‌ని."

"ఛ! మెర్విన్‌కి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?"

బెవర్లీ నవ్వు ఆపుకుంటున్నట్టు దగ్గింది. రోవెనా మీట మీద వేలు పెట్టి, ఇచ్చిన మాట గుర్తొచ్చి తీసేసింది.

"ఏమో డార్సీ, నాకూ అదే సందేహం," అన్నాడు మెర్విన్. "నీకేమైనా తెలుసా?"

తెలియకేం, అంటూ డార్సీ విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. రోవెనా తూర్పు వాలు వైపు ట్రాక్టరు తిప్పింది.