రంగుల కొట్టం పక్క ఇల్లు

ఇల్లు కొనేముందు వాస్తు చూపించారు, ముహూర్తం పెట్టించారు. బావి నీళ్లు ఎవరికి చూపించారు?

1958లో నేను ధర్మవరంలో దస్తావేజులు రాసేవాణ్ణి. టైలర్ హుసేన్ ఒక ఇల్లు బేరమాడి నా దగ్గరకు వచ్చాడు. మూడు గదులు, పెరట్లో చేదబావి, సగం ధర.

"అన్నా, ఆ ఇంట్లో దయ్యం ఉండాదంట. బావి నీళ్లు ఒక్కో దినం ఎర్రగా అయితాయంట. ముందుండినోళ్ల బిడ్డ వాంతులై సచ్చిపాయనంట."

నేను నవ్వాను. "ఏమప్పా, నీకూ దయ్యాల పిచ్చేనా? ఆ పిచ్చోళ్ల పుణ్యానే నీకు అగ్గువకు వస్తాండాది. కొనుక్కో పో!"

ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తెప్పించాను. ఆస్తి మీద తాకట్లు ఉన్నాయో లేవో చెప్పే కాగితం అది. మచ్చ లేదు. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

వేసవిలో హుసేన్ భార్య ఖాసింబీ వచ్చి నా బల్ల మీద చెంబు పెట్టింది. లోపల లేత ఎర్రటి నీళ్లు.

"దయ్యం లేదంటివే, తాగు చూద్దాం. నా కొడుకు రెండు దినాలుగా లేస్తాలేడు."

నా చెయ్యి చెంబు దాకా పోలేదు. పిల్లవాణ్ణి అనంతపురం ఆసుపత్రికి పంపించి ఆ ఇంటికి పరుగెత్తాను. పెరటి గోడ అవతల పట్టుకు రంగులద్దే కొట్టం. వాడేసిన రంగునీళ్లు అక్కడి ఎండిన బావిలో పోస్తున్నారు. రెండు బావుల మధ్య పది అడుగుల దూరం కూడా లేదు.

"పాడుబావేలే అన్నా, ఎవురు తాగుతారు దాన్ని?" అన్నాడు కొట్టం యజమాని.

పిల్లవాడు బతికాడు. నెల తిరక్కుండా హుసేన్ ఇల్లు కొనేవాడొకణ్ణి వెంటబెట్టుకొచ్చి, నన్ను పక్కకు పిలిచాడు.

"దయ్యముందనే చెప్పినా. సగం ధరకైనా కొంటాడు. రంగునీళ్లని చెప్తే ఎవుడూ ముట్టడు. నోరు మూసుకోని రాయి."

'బావి నీళ్లు విషం' అని దస్తావేజులో మొదటి వాక్యంగా రాసి, పైకి చదివాను. కొనవచ్చినవాడు లేచి వెళ్లిపోయాడు. హుసేన్ కుటుంబం ఆ ఇంట్లోనే చిక్కుకుపోయింది. ఖాసింబీ ఊరవతల నుంచి నీళ్లు మోసేది. నేను ఎదురుపడితే ముఖం తిప్పుకునేది.

దయ్యం లేదని తేల్చడంతో నా పని అయిపోయిందనుకున్నాను. నీళ్లు ఎందుకు ఎర్రబడ్డాయని భయపడినవాళ్లు అడగలేదు, నవ్విన నేనూ అడగలేదు.

మీరు అడగండి. కొనబోయే ఇంటి గోడ ఎక్కండి. అవతలివాడు మురుగు ఎక్కడ పోస్తున్నాడో కళ్లారా చూడండి. నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపండి. జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి!