చక్రం నట్లలో పసుపు

మిరప కోతల కాలంలో మా బావ తన మినీ వ్యానుకు వెనక టైర్లు మార్పించాడు. ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలకు కోత కూలీలను తీసుకెళ్లే బండి అది. కొన్నాళ్లకే వెనక చక్రాలు టకటకమన్నాయి. దిగి చూస్తే నట్లు చేతివేళ్లకే తిరుగుతున్నాయి. బండిలో కనిగిరి నుంచి వచ్చిన ఆడకూలీలున్నారు. అదృష్టం అంటారు అందరూ. నేను చప్పుడు అంటాను, ఆ చప్పుడు వినబట్టే బతికారు.

ఆ సాయంత్రమే బావ టీకొట్టు దగ్గర తీర్పు చెప్పేశాడు.

"ఆ టైర్ల సాయిబు కావాలనే వదులుగా వదిలాడ్రా. మళ్లీ మళ్లీ మనం రావాలిగా."

ఒక్క పూటలో మాట ఊరంతా పాకింది. నాలుగు రోజులు తిరక్కుండా సాయిబు కొట్టు ముందు బండ్లు పలచబడ్డాయి. ఆయన వయసంతా ఆ కొట్లోనే గడిచింది.

అనుమానించడం నా వృత్తి లాంటిది. దేవుణ్ణీ డాక్టర్నీ ఒకే కంటితో చూస్తాను. కానీ ముందు మనిషిని ఎంచుకుని తర్వాత కారణం వెతికేది అనుమానం కాదు, పగ. సాయిబు మీద కూడా నాకు సందేహం లేకపోలేదు. అందుకే వెళ్లి అడిగాను.

"నేను బిగించబోతే మీ బావ ఆగమన్నాడు మాస్టారూ," అన్నాడాయన. "ప్రతి నట్టులోనూ పసుపు, కుంకుమ పెట్టాడు. పైన ఆముదం. కాదంటే, మా పూజకి అడ్డం వస్తున్నావా అంటాడు. నేనేం అనను?"

తప్పు తోసేసేవాళ్లూ ఇలాగే మాట్లాడతారు. కాబట్టి ఇద్దరి మాటా పక్కన పెట్టి, ఇద్దర్నీ బండి దగ్గరికి తెచ్చాను.

వెనక చక్రాల నట్లన్నీ విప్పించాను. నట్టు చక్రానికి ఆనే వాలు మీద ఎర్రటి ముద్ద ఎండి పెంకు కట్టింది. కుడి చక్రం నట్లనూ, అవి ఆనే వాలునూ, బోల్టుల మరలనూ తీగ బ్రష్‌తో రుద్దించి, కిరసనాయిలు గుడ్డతో తుడిపించి, పొడిగా ఆరనిచ్చాం. ఎడమ చక్రానికి బావను తన పద్ధతిలోనే చేయమన్నాను.

"మా నాన్న ఎడ్లబండి ఇరుసుకి ఆముదం పొయ్యకుండా గడప దాటేవాడు కాదు," అన్నాడు బావ, గిన్నెలో వేలు ముంచుతూ.

"ఇరుసు తిరగాలి బావా. నట్టు తిరక్కూడదు."

సాయిబు మా కళ్లముందే రెండు వైపులా ఒకే పానాతో బిగించాడు. ప్రతి నట్టు మీదుగా చక్రం దాకా సుద్దముక్కతో గీత గీశాను. కూలీలెవరూ లేకుండా పట్నంలో బ్రాడీపేట దాకా వెళ్లొచ్చాం. దారంతా బావ అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాడు, నేను బావను చూస్తూ ఉన్నాను.

తిరిగొచ్చాక వంగి చూశాం. కుడివైపు గీతలు కదల్లేదు. ఎడమవైపు నట్లు తిరిగి గీతలు విరిగాయి. ముద్ద బ్రేకుల వేడికి ఎండి పొడై రాలిపోయింది, దాంతో నట్టుకు పట్టు పోయింది. ఆముదం పూసిన బోల్టు మరకి ఇంకో ప్రమాదం ఉంది. జారుడు వల్ల అదే బలంతో బిగించినా బోల్టు ఎక్కువ సాగి తెగొచ్చు. వాహనం తయారుచేసినవాళ్లు చెబితే తప్ప చుక్క నూనె కూడా వద్దు.

అయినా నాకు తృప్తి కలగలేదు. ఎడమ బోల్టులే అరిగాయేమో.

"ఈసారి కుడివైపు పసుపు పెట్టు బావా, ఎడమవైపు శుభ్రం చేద్దాం."

బావ గిన్నె మీద మూత పెట్టేశాడు. "వద్దులే. ఎడమవైపు కూడా తుడిచేద్దాం. రేపు మనుషుల్ని ఎక్కించాలి."

ఆ ఒక్క మాటతో ఆయనే తీర్పు మార్చుకున్నాడు. కానీ నింద ఇక్కడ పుట్టలేదు, టీకొట్టు దగ్గర పుట్టింది. అక్కడికే లాక్కెళ్లాను.

"ఒరేయ్, సాయిబు తప్పేం లేదురా," అన్నాడు బావ గ్లాసులోకి చూస్తూ. "నట్లలో పసుపు నేనే పూశా."

"అయితే నీ పూజే నట్లు విప్పిందంటావ్," అన్నాడొక ఆటో డ్రైవరు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. "మరి ఆయన్నెందుకు అన్నావ్?"

"తెలీక."

"తెలీకపోతే అడగాలి కదా. లే, నా ముందు టైరు కూడా అరిగింది. పోదాం పద. ఈ మాటేదో ఆయన ముందే చెబుదువుగాని."

బావ నా వైపు చూశాడు. నేను సాయం రాలేదు. లేచి ఆటో ఎక్కాడు.