అమ్మమ్మ చేతులు, నా గప్పీలు

నేను చేపల్లో నిపుణుణ్ని అయ్యింది ఫోన్‌లో. నాలుగు వీడియోలు చూశాక కామారెడ్డిలో మా మేడ మీద రెండు గాజు తొట్లు పెట్టి, గప్పీలనే చిన్న రంగు చేపల్ని వేశాను. గప్పీలు గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్ని కంటాయి. కన్న వెంటనే తినడానికీ చూస్తాయి. తొట్టిలో నాచు దట్టంగా ఉంటే పిల్లలు అందులో దాక్కుని బతుకుతాయి. ఇందులో నా పాత్ర నాచు కొనడం. అయినా పిల్లలు పుట్టిన ప్రతిసారీ స్టేటస్ పెట్టుకునేవాణ్ని, నేనే కన్నట్టు.

ఎల్లారెడ్డిలో మా అమ్మమ్మ బీడీలు చుడుతుంది. మధ్యాహ్నం కాగానే వాడకట్టు ఆడవాళ్లు నలుగురు ఒళ్లో చాటలు పెట్టుకుని ఆమె ముందరింట్లో చేరతారు. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, ఊళ్లో ఎవరినీ వదలకుండా మాట్లాడుకుంటారు. ఒకసారి ఒక తొట్టి, కొంత నాచు, ఆరు గప్పీలు బస్సులో తీసుకుపోయి అమ్మమ్మకు ఇచ్చాను.

"ఇంత చిన్నగున్నయేంది బిడ్డా? కూరకు సరిపోతయా?" అంది ఒకామె.

"ఇవి చూసేటియి."

"చూసుకుంట అన్నం తినాల్నా?"

మూడు నెలల్లో ఆ ఆరూ నలభై దాకా అయ్యాయి. అమ్మమ్మ చేసిందల్లా రోజూ చిటికెడు మేత వేయడం, తగ్గినప్పుడు బిందెలోని నీళ్లు చెంబుతో పోయడం. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి ఆ బిందెలో నిలవ ఉంచిన నీళ్లే ఉండేవి. నా మేడ మీద పది పిల్లలకు మించి నిలవలేదు. అది నన్ను గుచ్చింది. అప్పుడు మాత్రం ఒప్పుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి నల్లా వస్తోంది. తొట్టి అడుగున మురికి కనిపించింది. చొక్కా చేతులు మడిచి, చేపల్ని గిన్నెలోకి తీసి, పాత నీళ్లు మొత్తం పారబోసి, నల్లా పైపు నేరుగా తొట్టిలో పెట్టాను. నిండగానే చేపల్ని వదిలాను. కాసేపటికి అవి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. ఆడవాళ్లు చాటలతో వచ్చేసరికి చాలావరకు వెల్లకిలా తేలుతున్నాయి.

అమ్మమ్మ పరుగున వచ్చింది. వేళ్లకు తంబాకు ఉంది. పొగాకు చేపలకు విషమని ఎక్కడో చదివిన సంగతి నాకు గుర్తొచ్చింది. అది నిజమే. నిజం చేతికి దొరికితే నాలాంటివాడు ఆగడు.

"గా తంబాకు చేతులు నీళ్లల్ల పెడితే సావక ఏం జేస్తయి? నీ చేతులే సంపినయి అమ్మమ్మా!"

చాటల మీద వేళ్లన్నీ ఆగాయి. అమ్మమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది.

నేను ఆమె వండిన అన్నం తిని బస్సెక్కాను. అప్పుడు ఆ చేతుల మీద నాకు ఏ అభ్యంతరమూ లేకపోయింది.

వారం తర్వాత కామారెడ్డిలో చేపల దుకాణం ఆయనకు ఈ విషాదం వర్ణించాను, తంబాకు నుంచి మొదలుపెట్టి. ఆయన మధ్యలోనే ఆపాడు.

"నీళ్లు ఎక్కడియి తమ్మీ?"

"నల్లాయి అన్నా."

"అప్పుడే పట్టినవా? మొత్తం మార్చినవా?"

"మార్చిన."

"నల్లా నీళ్లల్ల బ్లీచింగు ఉంటది. ఒక్క దినమన్న నిలువ ఉంచాలె. గిది గూడ తెల్వదా? మీ ఇంట్ల బోరు నీళ్లా ఏంది?"

మా ఇంట్లో బోరు నీళ్లే.

అంటే అమ్మమ్మ మూడు నెలలుగా సరైన పనే చేస్తూ వచ్చింది. వెంటనే ఫోన్ చేసి చెప్పవచ్చు. చార్జింగ్ ఉంది, సిగ్నల్ ఉంది. చెప్పలేదు. నెల గడిచింది.

అక్క తన చంటిబిడ్డతో ఎల్లారెడ్డి పోయి వచ్చింది. "అమ్మమ్మ పిల్లను ఎత్తుకుంటనే లేదురా. 'నా చేతులకు తంబాకు ఉన్నది, పిల్లకేమన్న అయితది' అంటది. మనలను గా చేతులతోనే గద పెంచింది. ఎవరు జెప్పిండ్రో ఏమో."

ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఆ పూట అన్నం సహించలేదని రాస్తే బాగుంటుంది, కాని తిన్నాను. ఏం కూరో గుర్తులేదు.

ఆ తర్వాతి ఆదివారం అక్కనూ బిడ్డనూ వెంటబెట్టుకుని పోయాను. పొద్దున్నే, ఎవరూ రాకముందే, గొంతు తగ్గించి అమ్మమ్మకు అంతా చెప్పేశాను.

ఆమె పూర్తిగా విన్నది. "గప్పుడు నలుగుర్ల అన్నవ్ గద. ఇప్పుడు గూడ నలుగుర్ల చెప్పు," అంది.

మధ్యాహ్నం చాటలు వచ్చాయి. నిలబడి చెప్పాను. నల్లా, పైపు, బ్లీచింగు, ఏదీ వదల్లేదు.

"ఏమంటుండు?" అంది చెవులు సరిగా వినపడని ఒకామె.

"చేపలను గీ పిలగాడే సంపిండట!" అని ఆమెకు చెప్పి, పక్కనున్నామె నావైపు తిరిగింది. "జర గట్టిగ చెప్పు బిడ్డా, ఆమెకు ఇనవడది."

గట్టిగా చెప్పాను. వీధిలో కూరగాయల బండి ఆయన కూడా ఆగి విన్నాడు.

"మరి మీ అమ్మమ్మను గన్ని మాటలంటివి గద?" అంది ఇంకొకామె.

"అన్న. తప్పయింది."

"మొత్తం ఎన్ని సంపినవ్?" అని అడిగింది, అప్పుడు కూరకు సరిపోతయా అన్న ఆమె.

"ముప్ఫైకి పైనే."

"ఒక్క పైపుతోనే!" అంది ఆమె, మెచ్చుకుంటున్నట్టు.

అందరూ నవ్వారు. అమ్మమ్మ కూడా కొంచెం నవ్వి, చాట పక్కన పెట్టి లేచింది. అక్క బిడ్డను అందించబోయింది.

"ఆగు," అని అమ్మమ్మ పెరట్లోకి పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది. వాసన చూసుకుంది. మళ్లీ కడుక్కుంది.

చంటిబిడ్డను ఎత్తుకునే ముందు తంబాకు చేతులు కడుక్కోవడం మంచిదే, ఏ డాక్టరైనా అదే చెబుతాడు. కాని అక్కనూ నన్నూ ఎత్తుకునే రోజుల్లో ఆమె కొంగుకు తుడుచుకునేది, అంతే. మూడోసారి సబ్బు అందుకున్నప్పుడు నేనే చెంబుతో నీళ్లు పోశాను. చాలు అనడానికి నాకు నోరు రాలేదు.