ఓబులమ్మ వేసిన వరస

మా పెన్షనర్ల సంఘం వాళ్లు కాలేజీ పిల్లలకు నాయకత్వం గురించి ఒక గంట మాట్లాడమన్నారు. విత్తన క్షేత్రంలో ముప్పై ఏళ్లు కూలీల హాజరు రాసినవాణ్ణి, ఉపన్యాసాలు నాకు రావు. పాత డైరీలు తిరగేశాను. వచ్చిపోయిన అధికారుల పేర్లు చాలానే ఉన్నాయి గానీ, మళ్లీ మళ్లీ కనిపించిన పేరు ఓబులమ్మది. కలుపు తీసే ఇరవై మంది ఆడవాళ్లకు ఆమె పెద్ద. ఇప్పుడు గోరంట్ల దగ్గర సొంతూళ్లో ఉందని విని, 2003 భాద్రపదంలో ఒక బుధవారం బయల్దేరాను.

అనంతపురం బస్టాండులో 6.10కి హిందూపురం బస్సు. దారి పొడవునా చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలు ఆకులు ముడుచుకుని ఉన్నాయి. పక్క సీట్లోని రైతు, "ఊడలు దిగినాయి సార్. ఇంగ ఒక్క తడి పడితే గింజ కడతాది, లేకుంటే కట్టె" అన్నాడు. ఊడలంటే కాయ కట్టడానికి పూత నుంచి నేలలోకి దిగే కాడలు; తడి అంటే చేను ఒకసారి నానేంత నీరు. ఎనిమిదికి పెనుకొండలో దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఈ దారిన వెళ్లేవారు ఇక్కడే తినడం మేలు. 8.35కి గోరంట్ల బస్సు, అక్కణ్ణించి షేర్ ఆటో. పది దాటేసరికి ఊళ్లో ఉన్నాను.

ఓబులమ్మ పాలకేంద్రం అరుగు మీద నలుగురైదుగురితో కూర్చుని ఉంది. "ఏం సారూ, దోవ తప్పి వచ్చినారా?" అని నవ్వింది. వచ్చిన పని చెప్పాను.

"నాయకులు యాడుండారు సారూ ఈడ? ఊళ్లో నీళ్లుండే బోరు తిప్పన్న మామది ఒకటే. ఆయప్ప ఒప్పుకోకుంటే మా ఆరుగురి చేన్లు ఎండిపోతాయి."

స్ప్రింక్లర్ పైపులు ఊరందరివీ. పగటి కరెంటు పదకొండు నుంచి నాలుగు దాకా. రోజుకు రెండు చేలు తడుస్తాయి, ఆరింటికి మూడు రోజులు. ఊరికే కూర్చోవడం నాకు అలవాటు లేదు. ఏ చేను తర్వాత ఏది తడపాలో సర్వే నంబర్ల ప్రకారం చక్కగా జాబితా రాసిచ్చాను.

ఆమె చూసి, "రాత ముత్యాలే సారూ. కానీ ఇట్లయితే పైపులు మోసుకోని గుట్ట మూడుసార్లు ఎక్కి దిగల్ల. నీళ్లకు నంబర్లు తెల్దు" అంది. అరుగంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె వేసిన వరస వేరు. ముందు గుట్ట అవతలి చేలు, తర్వాత బోరు వైపు వెనక్కి వస్తూ మిగతావి. పైపులు మోయలేని ముసలి గంగమ్మను ఇద్దరు గట్టివాళ్ల మధ్య పెట్టింది. బోరు పక్కనే ఉన్న తన ఎకరా ఆఖర్న. మా క్షేత్రంలో కలుపు తీసేటప్పుడూ ఇంతే, నిదానస్తులను చురుకైన ఇద్దరి నడుమ నిలబెట్టేది. చేయి చాస్తే అందుతారు కాబట్టి పక్కవాళ్లే సాయం చేసేవాళ్లు.

"ఎవరు నేర్పారమ్మా?" అన్నాను.

"ఎవురు నేర్పుతారు సారూ? తొలి ఏడు నేను వెనకబడితే మేస్త్రి అందరి ముందరా తిట్టినాడు. ఆపొద్దు నుంచి చూస్తా వచ్చినా, ఎవురు యాడ ఆగిపోతాండారని."

అంతలో తిప్పన్న వచ్చాడు. "మోటరు ఇచ్చేది లేదు. పోయినేడు ఆడించి టీకి పోతిరి, కాలిపోయె. నేనేమన్నా వెర్రోణ్ణా?"

నాకైతే వాదించాలనిపించింది. ఓబులమ్మ మాత్రం, "నిజమే మామా, తప్పు మాదే. దానికే స్టార్టరు పెట్టె తాళం నీ కాడే పెట్టుకో. పైపులు ఎప్పుడు మార్చల్లో నువ్వే చెప్పు" అంది.

తిప్పన్న మీసం దువ్వుకున్నాడు. "నన్నడక్కుండా ఎవుడూ చెయ్యి పెట్టగూడదు."

"పెడితే నువ్వు కొట్టు మామా, నేను పట్టుకుంటా."

11.20కి మోటరు ఆడింది. 1.30కి గట్టు మీదే సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. తిప్పన్న ముద్ద చేత్తో పట్టుకునే, "ఏమప్పా, పైపు వంకర పోతాండాది, కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని అరుస్తూ తిరిగాడు. అతనికన్నా శ్రద్ధగా పనిచేసిన మనిషి లేడు ఆ రోజు. నాలుగింటికి కరెంటు పోయేలోపు రెండు చేలూ తడిశాయి.

"ఎల్లుండి దాకా నీ పైరు ఆగుతుందా?" అని అడిగాను.

ఓబులమ్మ ఒక ఆకు నలిపి చూసింది. "ఆగల్ల. ముందే నాది తడుపుకుంటే, రేపు పైపులు మోసేకి ఎవురొస్తారు సారూ?"

4.50కి గోరంట్లలో తిరుగు బస్సు, 6.10కి పెనుకొండలో అనంతపురం బస్సు. పక్కన బట్టల వ్యాపారి. ఎవరిని చూసి వస్తున్నారని అడిగితే, ఒక నాయకురాలిని అన్నాను.

"ఏ పార్టీ అన్నా?"

జరిగినదంతా చెప్పాను. "ఆఖర్న నిలబడితే ఓట్లు యాడ పడతాయన్నా" అని నవ్వాడు. నిజమే కావచ్చు. కానీ ఆమె ఒక్క ఆజ్ఞ కూడా ఇవ్వకుండానే ఆరు కుటుంబాలు, ఒక మొండి మనిషి సాయంత్రం దాకా కదిలారు. పిల్లలకు చెప్పడానికి ఇది చాలనిపించింది.

రాప్తాడు దాటాక ఆ వ్యాపారి మళ్లీ నావైపు తిరిగాడు. "శుక్రవారం నాకు గోరంట్లలో పనుండాది. ఆయమ్మ చేను యాడో చెప్పన్నా. తడిసిందో లేదో చూసొస్తా."

బస్సు ఆగేలోగా అతనికి దారి రాసిచ్చాను.