బొగ్గు దగ్గే అన్నాడు

2021. కరోనా సెకండ్ వేవ్ తగ్గుముఖం పట్టిందని అందరూ అంటున్నా ఎవరూ నమ్మని రోజులు. గోదావరిఖనిలో ఒక యూనివర్సిటీ కాలేజీ హెల్త్ సెంటర్‌లో నేను స్టాఫ్ నర్సుని. కొత్త సెమిస్టర్‌కు అమ్మాయిల హాస్టల్ సిద్ధం చేయమని ఆర్డరు వచ్చింది. అంతకుముందు దాకా ఆ హాస్టల్‌లోనే ఐసోలేషన్ సెంటర్ నడిచింది, అంటే పాజిటివ్ వచ్చినవాళ్లను విడిగా ఉంచే చోటు. వాళ్లు ఖాళీ చేశాక ఆ గదులు ఊడ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి వార్డెన్ మేడం, నేను ముందు నడిస్తే పనివాళ్లు వెనక వచ్చారు. ధైర్యం ఉండి కాదు, వేరే దారి లేక నడిచాను. ఇంటికి వెళ్లి స్నానం చేసేదాకా మా అమ్మాయిని దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. మా అత్తయితే “నౌకరీ ఛోడ్ దో” అని, ఆ ఉద్యోగం మానెయ్యమని రోజూ ఒకటే పోరు.

మంచాల మధ్య ఎడం పెట్టేసరికి సీట్లు సగమయ్యాయి. చేరే రోజు ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ ఉన్నా సీటు తర్వాతి వాళ్లకు వెళ్తుందని గేటుకు నోటీసు అంటించారు. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. అది చదివిన వాళ్లు ఏం చేస్తారో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాను. జ్వరం చూసే థర్మల్ గన్ ఒకటి, వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే పల్స్ ఆక్సీమీటర్ ఒకటి. శ్రీరాంపూర్ నుంచి శిరీష అనే కెమిస్ట్రీ విద్యార్థిని వచ్చింది. ఆమె పరుపు చుట్ట మోసుకుంటూ వెనక వాళ్ల నాన్న రాజయ్య. అండర్‌గ్రౌండ్ బొగ్గు గనిలో పని ఆయనది. శిరీష రీడింగులు బాగున్నాయి, గది తాళంచెవి ఇచ్చేశాను. అప్పుడు దగ్గాడు రాజయ్య.

మా వైపు మగవాళ్ల దగ్గును ఎవరూ పట్టించుకోరు. దుమ్ములో పనిచేసి వచ్చినవాడు దగ్గకపోతేనే వింత. పక్కనే ఉన్న వాచ్‌మన్ తల కూడా ఎత్తలేదు. నాకు మాత్రం ఆయన మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం కనిపించింది. పల్స్ ఆక్సీమీటర్ చేతిలోకి తీసుకున్నాను.

“అన్నా, ఒక్కసారి వేలు ఇటియ్యి.”

“నాకెందుకు చెల్లె? సదివేది బిడ్డ గదా. గిది బొగ్గు దగ్గే. ఎన్నేండ్ల సందో ఉన్నది.”

శిరీష అడ్డం వచ్చింది. “మా బాపుకు ఏం లేదు సిస్టర్. నిన్న గూడ డ్యూటీకి పోయిండు.” ఆ గొంతు వింటేనే తెలిసిపోయింది, ఇద్దరూ కలిసి దాస్తున్నారు.

రాజయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “నాకున్నదని తేలితే బిడ్డ సీటు పోతదట గదా. రెండర్రల కోటర్ల ఆరుగురం ఉంటం. ఫోన్ల పాఠాలు అర్థంగాక పోయినసారి ఫెయిలయింది. మల్ల ఇంటికి తోల్కపోతే సదువు బందే. దీన్ని లోపటికి తోలి నేను పోత. దవాఖానకైతే పోను. మా కోటర్ల లైన్లకెల్లి దవాఖానకు పోయినోళ్లెవ్వరు మల్ల రాలే.”

ఆ మాట అబద్ధం కాదు. అప్పుడు నేను చూస్తున్నదీ అదే. కానీ మందమర్రిలో గనివాళ్ల మధ్య పెరిగినదాన్ని, వాళ్లు ఎవరి మాట కాదనరో నాకు తెలుసు. గనిలో గ్యాసు చేరితే ల్యాంపు మంట మారుతుంది. దాన్ని చూసి మనుషులను బయటికి పంపేది సర్దారు.

“అన్నా, సర్దారు ల్యాంపు చూసి బయటికి నడువుండ్రంటే ఏం జేస్తరు?”

“ఏం జేస్తం, పని ఆడ్నే ఇడిసి నడుస్తం.”

“నేను మంచిగనే ఉన్న, నాకేం వాసన రాలే అని ఆడ్నే కూసుంటరా?”

“గ్యాసుకు వాసనుండది చెల్లె. మనకు ఎరుకయ్యేసరికే ఆలస్యమైతది.”

“గిది గూడ గంతే. సీటు ఎటు పోదు, నాది జిమ్మా. వేలియ్యి.”

ఆ పూచీ పడే అధికారం నాకెక్కడిది? నోరు జారింది, అంతే. ఆయన కూతురి వైపు చూసి చెయ్యి ముందుకు చాపాడు. ఎనభై నాలుగు. వేలు మార్చినా అంతే. తొంభై నాలుగు పైన ఉండాల్సింది. మనిషి నిలబడి మాట్లాడుతుంటాడు, లోపల ఆక్సిజన్ అడుగంటుతుంటుంది. దీన్నే హ్యాపీ హైపాక్సియా అంటారు. పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ అందులో హ్యాపీ ఏముందో నాకు తెలియదు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాను.

శిరీష ఏడవలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, “మా బాపు మల్ల రాకపోతే మీరు తోలవట్టే పోయిండనుకుంట సిస్టర్,” అంది. అంబులెన్సు రాగానే తండ్రి వెంట వెళ్లిపోయింది.

మర్నాడు ఇంకా భయమేసింది. నర్సు మనుషులను దవాఖానకు పంపుతోందని ఊరంతా పాకింది. తండ్రులు రోడ్డు అవతలే ఆగి, పిల్లలను ఒంటరిగా గేటుకు పంపారు. అక్కడ నిలబడి ఎంతమంది దగ్గు ఆపుకుంటున్నారో ఎవరికి తెలుసు. నేరుగా ఆఫీసుకు వెళ్లి ఆ నోటీసు చింపకపోతే గేటు దగ్గర కూర్చోనని చెప్పాను. వార్డెన్ మేడం నా పక్కన నిలబడింది. గంటసేపు వాదన జరిగాక, జబ్బు చేసినా, ఇంట్లోవాళ్లకు ఉన్నా సీటు అలాగే ఉంచుతామని కొత్త నోటీసు పెట్టారు. నేను రోడ్డు దాటి వెళ్లి ఆ మాట ఒక్కొక్కరికీ చెప్పాకే పరీక్షకు వేళ్లు చాపారు.

రాజయ్యకు ఆక్సిజన్ పెట్టారని తెలిసింది. తర్వాత శిరీష నా ఫోన్ ఎత్తడం మానేసింది.

జనం జబ్బును దాచేది మొండితనంతో అనుకునేదాన్ని అంతవరకూ. వాళ్ల దగ్గర ఏదో ఒకటి లాక్కుంటామని మనమే ముందు భయపెడతాం, ఆపైన నిజం చెప్పలేదని తిడతాం. ఇప్పటికీ పరికరం తీసే ముందు, దేనికి భయపడుతున్నారని అడుగుతాను.

సెమిస్టర్ సగంలో ఒక పొద్దున గేటు ముందు ఆటో ఆగింది. శిరీష పరుపు చుట్ట దించుకుని వచ్చి, పలకరించకుండానే వేలు చాపింది. బాగుంది. తాళంచెవి ఇస్తే తీసుకోలేదు.

“ఆటోల మా బాపు ఉన్నడు సిస్టర్. ఇన్ని దినాలు ఇంట్ల వేలికి మిషన్ వెట్టి నేనే చూసిన. ఇయ్యాల మీరు చూసి మంచిగున్నదంటేనే నేను లోపటికి పోత.”